కార్డు ఉండగా పాలసీ ఎందుకు?

*కొండ దిగి కొలువుల్లో చేరుతున్న సీతంపేట కుర్రకారు ముందు కొత్త లెక్క*

సోమవారం, సీతంపేట సంత. తెల్లవారకముందే గూడేల నుంచి దిగినవాళ్లు కొండచీపుర్ల కట్టలు రోడ్డు వారన నిలబెట్టి బేరాలకు కూర్చున్నారు. చింతపండు బుట్టలు, పసుపు కొమ్ముల రాశులు, గాలి ఎటు వీస్తే అటు ఎండుచేపల వాసన. అర్జీ కాగితాలు పట్టుకుని గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఆఫీసు వైపు నడిచేవాళ్లు కొందరు. ఈ సందడికి ఓ పక్కగా, టీ బడ్డీ వెనక సిగ్నల్ దొరికే జాగాలో, పాతికేళ్లు నిండని కుర్రాడొకడు ఫోను చెవికి ఆనించుకుని నిలబడ్డాడు. ఊరు దోనుబాయి పైన ఓ గూడెం. ఉద్యోగం హైదరాబాద్‌లో. సెలవు పెట్టి వచ్చాడు.

ఫోనులో అవతలి గొంతు ఎక్కడా ఆగడం లేదు. "ఇప్పుడు జీఎస్టీ కూడా లేదు సార్. ఐదు లక్షల కవరేజీ. బీపీ, షుగర్ లేవు కదా సార్? ఇంకేమన్నా ఉన్నాయా? ఏమీ లేవని పెట్టేస్తున్నా సార్."

కుర్రాడు నసిగాడు. గూడేనికి వైద్య సిబ్బంది వచ్చినప్పుడు వేలు గుచ్చి రక్తం తీసి, తరవాత ఇచ్చిన సికిల్ సెల్ కార్డు అతని పర్సులోనే ఉంది. దాని సంగతి చెప్పాలా, అక్కర్లేదా? మళ్లీ చేస్తానని ఫోను పెట్టేశాడు.

పక్కనే చీపుర్ల కట్ట మీద చెయ్యేసి నిలబడ్డ తండ్రికి వచ్చిన అనుమానం వేరు. "మనకి ఆరోగ్యశ్రీ కార్డుంది కదరా బావు. మరీ కట్టుడేటి?"

తండ్రి అడిగిందీ, కొడుకు అడగలేకపోయిందీ రెండూ అసలైన ప్రశ్నలే. ఏ కంపెనీ మంచిది, ఏ ప్లాన్ చవక అన్నవి ఆ తరవాత వచ్చేవి. అమ్మేవాళ్లు మాత్రం ఆ చివరి ప్రశ్న దగ్గరే మొదలుపెడతారు.

పన్ను పోయింది, ఫోన్లు మోగుతున్నాయి

ఈ ఫోన్లకు ఊపు వచ్చింది 2025 సెప్టెంబరు 3 నాటి జీఎస్టీ మండలి నిర్ణయంతో. వ్యక్తిగత ఆరోగ్య బీమా, జీవిత బీమా పాలసీల మీద అప్పటిదాకా ఉన్న 18 శాతం పన్నును పూర్తిగా ఎత్తేశారు. సెప్టెంబరు 22 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రీమియం 8,000 అనుకుంటే పన్నుతో కలిపి 9,440 కట్టాల్సినవాడికి 1,440 మిగులు. కొండచీపుర్లు అమ్మే ఇంట్లో అది చిన్న సొమ్ము కాదు. అయితే మినహాయింపు మనిషి తన పేరునో, తన కుటుంబం పేరునో కొనుక్కునే పాలసీకే. కంపెనీలు ఉద్యోగులందరికీ కలిపి తీసుకునే గ్రూపు పాలసీకి పన్ను అలాగే ఉంది.

పన్ను తగ్గింది కాబట్టి కొనాలన్నది అమ్మేవాళ్ల వాదన. చీర మీద తగ్గింపు ఉందని చీర కొనొచ్చు. పాలసీ కొనాలా వద్దా అన్నది మాత్రం ఇంట్లో ఇప్పటికే ఏముందో చూసుకుని తేల్చుకోవాల్సిన విషయం.

తొలి కార్డు ఈ జిల్లాకే

తండ్రి ధీమాకు చరిత్ర ఉంది. రాజీవ్ ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైనప్పుడు ఉమ్మడి రాష్ట్రంలో ముందుగా ఎంచుకున్నవి మూడే జిల్లాలు: అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం. అప్పటికి సీతంపేట శ్రీకాకుళం జిల్లాలోనిదే. ఇప్పుడది ఉన్న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. గుండె ఆపరేషన్ అంటే భూమో నగో పోవాల్సిందేనని తెలిసిన ఇళ్లలో, కార్డు చూపిస్తే పెద్దాసుపత్రిలో పైసా అడగకపోవడం ఎంత పెద్ద మార్పో ఆ తరానికే బాగా తెలుసు. పథకం పేరు ప్రభుత్వాలతోపాటు మారింది. వైఎస్సార్ అన్నారు, ఎన్టీఆర్ అన్నారు. ఇప్పుడది డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. జనం నోట మాత్రం నేటికీ ఆరోగ్యశ్రీయే. 2 లక్షలతో మొదలైన పరిమితి 2023 డిసెంబరు నాటికి 25 లక్షలకు పెరిగింది.

ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలకు వర్తించే పథకమిది. నెలకు 24,000 జీతం తెచ్చుకునే మన కుర్రాడి ఇల్లు ఇప్పటికీ ఆ గీత లోపలే ఉంది. కాబట్టి తండ్రి మాట తప్పు కాదు. ఈ కుటుంబానికి మొదటి రక్ష ఆ కార్డే. దాన్ని చులకన చేసి మాట్లాడే ఏజెంటును అక్కడితో ఆపేయడం మేలు.

మరి కొరత ఎక్కడ? కార్డు వర్తించేది జాబితాలో ఉన్న చికిత్సలకు, పథకంలో చేరిన ఆసుపత్రుల్లో. రాష్ట్రం దాటితే హైదరాబాద్, బెంగళూరు, చెన్నైల్లో కొన్ని ఆసుపత్రుల్లో కొన్ని చికిత్సలకే 2019 నవంబరు నుంచి వీలు కల్పించారు. అర్ధరాత్రి కూకట్‌పల్లిలో కడుపునొప్పితో మెలికలు తిరిగేవాడికి దగ్గర్లోని ఆసుపత్రి ఆ జాబితాలో ఉందో లేదో వెతికే ఓపిక ఉండదు. పైగా ప్రభుత్వం నుంచి బకాయిలు పేరుకుపోయినప్పుడల్లా ప్రైవేటు ఆసుపత్రులు చేతులెత్తేస్తుంటాయి. 2025 అక్టోబరులో పథకం సేవలు నిలిపివేసి రోడ్డెక్కాయి కూడా. ఆ వారాల్లో ఆపరేషన్ తేదీ ఉన్నవాళ్ల గతి ఏమిటన్నది ఏ పార్టీ కరపత్రంలోనూ కనపడదు.

కొండ మీద రోగం దారి వేరు

ఇక్కడ ఓ సంగతి కుండబద్దలు కొట్టాలి. గూడెంలో ఉండే మనిషికి జబ్బు చేసినప్పుడు అడ్డుపడేది బిల్లు ఒక్కటే కాదు. ముందు దారి. రోడ్డు లేని చోట రెండు చివర్లకూ దుప్పటి కట్టిన కర్రే డోలీ. దాన్ని నలుగురు మార్చుకుంటూ మోసుకొచ్చి రోడ్డు దగ్గర 108 ఎక్కించాలి. సీతంపేటలో కాకపోతే ఘాట్ దిగి పాలకొండ, అక్కణ్నుంచి శ్రీకాకుళం, అదీ చాలకపోతే విశాఖ కేజీహెచ్. 2025 అక్టోబరులో ఇదే జిల్లా కురుపాం గిరిజన బాలికల గురుకులంలో పచ్చకామెర్లు ప్రబలినప్పుడు పిల్లలను చివరికి తీసుకెళ్లింది కేజీహెచ్‌కే.

దేశంలోని ఆరోగ్య బీమా కంపెనీలన్నీ అమ్మే ఆరోగ్య సంజీవని పాలసీ పత్రంలో అంబులెన్సుకు ఇచ్చేది ఒక్కో అడ్మిషన్‌కు గరిష్ఠంగా 2,000 రూపాయలు. అదీ రోడ్డు మీద నడిచే అంబులెన్సుకు. డోలీ మోసిన నలుగురి కూలి ఏ పాలసీలోనూ లేదు. పాలసీ పనిచేయడం మొదలయ్యేది ఆసుపత్రి గుమ్మం దగ్గర. గుమ్మం దాకా తెచ్చే బాధ్యత ప్రభుత్వానిదే. ఎన్ని ప్లాన్లు కొన్నా ఆ బాధ్యత కంపెనీల మీదికి పోదు.

కాబట్టి పాలసీ ప్రధానంగా కొండ దిగినవాడి పట్నం బతుకు కోసం. అక్కడ చుట్టాలు లేరు. అప్పిచ్చే షావుకారు లేడు. పేరు తెలిసిన నర్సమ్మ లేదు. అడ్మిషన్ కౌంటరులో ముందు అడిగేది అడ్వాన్సు.

> కొనేముందు జేబు తడుముకోండి
>
> ఈఎస్‌ఐ: నెల జీతం 21,000 లోపు ఉండి, సంస్థ ఈఎస్‌ఐ పరిధిలో ఉంటే జీతంలో 0.75 శాతం కోత పడుతుంది, యజమాని 3.25 శాతం కలుపుతాడు. భార్యాపిల్లలకూ, ఆధారపడ్డ తల్లిదండ్రులకూ వైద్యం. జబ్బుతో పనికి పోలేని రోజులకు జీతంలో 70 శాతం, ఏడాదిలో 91 రోజుల దాకా. ఈ సదుపాయం మామూలు ప్రైవేటు ఆరోగ్య పాలసీలో దొరకదు.
>
> కంపెనీ గ్రూపు పాలసీ: ఉద్యోగం ఉన్నన్నాళ్లే. మానేసిన రోజున అదీ పోతుంది. మానేముందు అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారే వీలుందేమో అడగాలి.
>
> ఎన్టీఆర్ వైద్య సేవ: ఇంటి సభ్యుల జాబితాలో మీ పేరు ఇంకా ఉందో లేదో సచివాలయంలో చూసుకోండి.
>
> ప్రధానమంత్రి సురక్షా బీమా: ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు.

మన కుర్రాడి జీతం 24,000. అంటే ఈఎస్‌ఐ గీత దాటాడు. కంపెనీ గ్రూపు పాలసీ ఉంది, కానీ ఈ ఉద్యోగంలో ఎన్నాళ్లుంటాడో అతనికే తెలియదు. సరిగ్గా ఇలాంటివాళ్లకే సొంత పాలసీ అవసరం. నెలకు 18,000 జీతంతో ఈఎస్‌ఐ కార్డున్న అతని స్నేహితుడికి ఇప్పుడే అంత తొందర లేదు. అతను ముందు తన డిస్పెన్సరీ ఎక్కడుందో తెలుసుకుంటే చాలు.

పర్సులో కార్డు సంగతి

సికిల్ సెల్ జబ్బులో కొడవలి ఆకారానికి మారిన ఎర్రకణాలు సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. విపరీతమైన నొప్పులు, రక్తహీనత. గిరిజన ప్రాంతాల్లో ఎక్కువగా కనిపించే వంశపారంపర్య సమస్య ఇది. దీన్ని 2047 నాటికి రూపుమాపాలన్న జాతీయ కార్యక్రమం 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో మొదలైంది. నలభై ఏళ్ల లోపువాళ్లలో 7 కోట్ల మందికి పరీక్షలు చేయడం లక్ష్యం. ఆ పరీక్షల ఫలమే ఈ కుర్రాడి కార్డు. అందులో అతను వాహకుడని ఉంది. అంటే జబ్బు మనిషి కాదు. ఒక జన్యువు మోస్తున్నాడు, అంతే. వాహకులైన ఇద్దరు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. కార్డు ఇచ్చింది ప్రధానంగా ఆ జాగ్రత్త కోసం.

బీమా ఫారంలో ఇది చెప్పాలా? అడిగిన ప్రశ్నకు అది జవాబు అయితే చెప్పాల్సిందే. చెబితే ఏమవుతుంది? కంపెనీ మామూలుగా తీసుకోవచ్చు, ప్రీమియం పెంచొచ్చు, కాదనొచ్చు. కాదంటే మరో కంపెనీ ఉంది. చెప్పకపోతే ఏమవుతుందన్నదే అసలు భయం. పాలసీ పత్రం చేతికొస్తుంది, ఏటా ప్రీమియం తీసుకుంటారు, అన్నీ సవ్యంగా ఉన్నట్టే ఉంటుంది. ఆసుపత్రి పాలైన రోజున పాత కాగితాలు తవ్వితీసి, దాచారు కాబట్టి పాలసీయే చెల్లదంటారు. "ఏమీ లేవని పెట్టేస్తున్నా సార్" అన్న గొంతు అప్పుడు ఫోనెత్తదు.

చెప్పినవాడికి చట్టం అండ ఉంది. ముందునుంచీ ఉన్న జబ్బులకు నిరీక్షణ గడువును 48 నెలల నుంచి 36 నెలలకు కుదిస్తూ బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 ఏప్రిల్ నుంచి నిబంధన మార్చింది. పాలసీ వరసగా ఐదేళ్లు నడిస్తే, మోసం రుజువైతే తప్ప, ఏదో చెప్పలేదన్న సాకుతో క్లెయిమ్ తోసిపుచ్చకూడదు. అంతకుముందు ఆ గడువు ఎనిమిదేళ్లు. జన్యు సంబంధమైనవన్న ఒక్క కారణంతో జబ్బులను గంపగుత్తగా మినహాయించే పద్ధతికి 2019 మార్గదర్శకాల్లోనే అడ్డుకట్ట వేశారు. జబ్బు ముదిరి 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం పొందినవారికి ప్రతి ఆరోగ్య బీమా సంస్థా ఒక పాలసీ అందుబాటులో ఉంచాలని 2023 ఫిబ్రవరిలో ఆదేశించారు.

ఆ కుర్రాడు చేయాల్సింది ఒక్కటే. ఫోనులో చెప్పి వదిలేయకుండా ఫారం తానే చదివి, తానే నింపి, ఓ నకలు దాచుకోవాలి.

ఇరవై ఐదులో ఎందుకు

ఒంట్లో ఏమీ లేనప్పుడు పాలసీ ఎందుకంటారు. ఒంట్లో ఏమీ లేనప్పుడే ఫారంలో రాయడానికి ఏమీ ఉండదు. ప్రీమియం తక్కువ, తిరస్కరణ అరుదు. అంతకంటే ముఖ్యం, నిరీక్షణ గడువులు ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే కరిగిపోతాయి.

పాలసీ కొన్న మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప దేనికీ వర్తించదు. హెర్నియా, మొలలు, కిడ్నీలో రాళ్లు లాంటివాటికి సాధారణంగా రెండేళ్లు ఆగాలి. కాన్పు ఖర్చులు ఇచ్చే పాలసీల్లో దానికి వేరే గడువు ఉంటుంది, అదీ ఏళ్లలోనే. పెళ్లి కుదిరాక కొనే పాలసీ తొలి కాన్పుకు అందకపోవచ్చు. విశాఖలో నర్సులుగా పనిచేస్తున్న మన్యం ఆడపిల్లలకు ఈ గడువుల సంగతి రోగుల బిల్లులు చూసి చూసి తెలుసు. తమ పేరున పాలసీ తీసుకోవడం మాత్రం ఎప్పటికప్పుడు వాయిదానే.

వానాకాలం జ్వరాల మాట కూడా అనుకోవాలి. మలేరియాకు పీహెచ్‌సీలో సెలైన్ ఎక్కించుకుని సాయంత్రం ఇంటికొచ్చేస్తే పాలసీ నుంచి పైసా రాదు. డే కేర్ చికిత్సలను మినహాయిస్తే, కనీసం 24 గంటలు ఆసుపత్రిలో చేరి ఉండాలి. ఆయుర్వేదం, హోమియో ఆసుపత్రుల్లో చేరినా బీమా వర్తిస్తుంది కానీ, గూడెంలో పసరు పోసే పెద్దాయన ఆ లెక్కలోకి రాడు.

> గది అద్దె చేసే చేటు
>
> పాలసీలో గది అద్దె పరిమితి రోజుకు 5,000. మీరు చేరింది 10,000 గదిలో, ఐదు రోజులు. పోయేది అద్దెలో తేడా ఒక్కటే అనుకుంటారు. కాదు. డాక్టరు, ఆపరేషన్ థియేటర్ ఛార్జీలకూ అదే నిష్పత్తిలో కత్తెర.
>
> అద్దె 50,000కు ఇచ్చేది 25,000. డాక్టరు, థియేటర్ 1,00,000కు ఇచ్చేది 50,000. మందులు, పరీక్షలు 80,000 పూర్తిగా ఇస్తారు. మొత్తం బిల్లు 2,30,000. బీమా ఇచ్చేది 1,55,000. మీ జేబులోంచి 75,000.
>
> గది పరిమితి లేని పాలసీ చూసుకోండి. లేదా ఆ పరిమితి లోపు గదిలోనే చేరండి.

ఇక కొనడం

ఒంటరి కుర్రాడికి, కుర్రదానికి 5 లక్షల పాలసీతో మొదలుపెట్టడం సబబు. తరవాత జీతం పెరిగితే సూపర్ టాపప్ జోడించుకోవచ్చు. మొదటి కొన్ని లక్షలు దాటిన బిల్లును అది చూసుకుంటుంది, ప్రీమియం తక్కువ. కంపెనీ వెబ్‌సైటులో ఆసుపత్రుల జాబితా తెరిచి మూడు చోట్లు వెతకాలి: ఉద్యోగం చేసే పట్నం, శ్రీకాకుళం, విశాఖ. మూడింటిలోనూ చెప్పుకోదగ్గ ఆసుపత్రి లేకపోతే ప్రకటనలో సినిమా హీరో ఉన్నా వదిలేయండి.

ఏ ప్లాన్ కొనాలో తేలక తల పట్టుకునేవాళ్లకు ఆరోగ్య సంజీవని ఓ దారి. 2020 ఏప్రిల్ నుంచి కంపెనీలన్నీ ఒకే షరతులతో అమ్మాల్సిన పాలసీ. బిల్లులో 5 శాతం మనం పెట్టుకోవాలి, గదికి పరిమితి ఉంది. గొప్పది కాదు. కానీ చిన్న అక్షరాల్లో వల దాచడానికి కంపెనీకి చోటు తక్కువ. మెరుగైన ప్లాన్‌కు తూగగలిగితే అదే కొనండి. లేకపోతే ఇది చాలు.

అమ్మానాన్నలను ఒకే ఫ్యామిలీ పాలసీలో చేర్చమని ఒత్తిడి వస్తుంది. ప్రేమతో సరే అంటారు. ప్రీమియం నిర్ణయించేది ఇంట్లో పెద్దవాళ్ల వయసు. యాభై అయిదేళ్ల తండ్రితో కలిసి కొంటే పాతికేళ్లవాడి చవకదనం మాయమవుతుంది. తల్లిదండ్రులు వైద్య సేవ కార్డులోనే ఉండగా అబ్బాయి తన పాలసీ విడిగా తీసుకోవడం తెలివైన పని. పొదుపు కలిసిందని, కట్టింది తిరిగొస్తుందని చెప్పే పాలసీలను ఈ వయసులో ఆరోగ్య బీమా పేరుతో కొనకండి. పన్ను మినహాయింపు ఊరింపూ ఉంటుంది. అది పాత పన్ను విధానంలోవాళ్లకే, 24,000 జీతగాడికి అసలు పన్నే పడదు.

తెలుగులో అడిగే హక్కు

పాలసీ పత్రం పదుల పేజీల ఇంగ్లిషు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి తిరిగిన సీమ ఇది. నూరేళ్ల తరవాత ఆ సవర పిల్లల మునిమనవలు సంతకం చేసే కాగితం వాళ్లకు అర్థం కానిదే. 2024 జనవరి 1 నుంచి ప్రతి పాలసీతోనూ ముఖ్యాంశాల పత్రం, కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్, ఇవ్వాలి. కోరితే స్థానిక భాషలో ఇవ్వాలి. అడిగేవాళ్లు లేక అది ఇంగ్లిషులోనే వచ్చిపడుతోంది. అడగండి. చదివాక నచ్చకపోతే 30 రోజుల్లో పాలసీ వెనక్కి ఇచ్చేయొచ్చు.

క్లెయిమ్ తిరస్కరిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు. నెలలోగా తేలకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. 50 లక్షల దాకా వివాదాలు అక్కడ తేలుస్తారు. ఐఆర్‌డీఏఐ కేంద్ర కార్యాలయమూ ఆ ఊళ్లోనే ఉంది. దాని ఫిర్యాదుల ఫోన్ నంబరు 155255.

కొనలేనివాళ్లు

ఏడాదికి కొన్ని వేలు కట్టడం కష్టమైతే అప్పు చేసి పాలసీ కొనకండి. కూలికిపోయే కుర్రాడికి, పోడు చేసుకునే ఇంటికి వైద్య సేవ కార్డూ, 20 రూపాయల సురక్షా బీమా ఉంటే ఇప్పటికి చాలు. చింతచెట్టు మీంచి పడటం, పాము కాటు లాంటివి ఈ 20 రూపాయల బీమాలోకి వస్తాయి, వెంటనే ఆసుపత్రిలో చూపించిన రికార్డు ఉంటే. ఏటా మే నెలాఖరున ఖాతాలోంచి ఆ సొమ్ము కోసుకుంటారు. అప్పటికి జన్‌ధన్ ఖాతాలో 20 రూపాయలు లేక రక్ష పోగొట్టుకునే ఇళ్లున్నాయి. మహిళా పొదుపు సంఘం సమావేశంలో ఓ మాట గుర్తుచేయడానికి వెలుగు సిబ్బందికి అయ్యే ఖర్చేమీ లేదు.

సిమ్ మారిస్తే

పాలసీ కొన్న కుర్రాళ్లకు మరో గండం ఫోను నంబరు. ఏ ఆఫరుంటే ఆ సిమ్ వేసుకునే వయసు. రెన్యువల్ మెసేజీలు పాత నంబరుకు పోతుంటాయి. పండక్కి కొండెక్కితే సిగ్నలే ఉండదు. ఏడాదికోసారి కట్టేవాళ్లకు గడువు దాటాక 30 రోజులు, నెలనెలా కట్టేవాళ్లకు 15 రోజులు వెసులుబాటు. అదీ దాటితే పాలసీ చస్తుంది, కరిగిపోయిన నిరీక్షణ గడువులన్నీ మళ్లీ మొదటికొస్తాయి. నంబరు మార్చిన రోజునే కంపెనీకి చెప్పాలి. లేదా బ్యాంకు ఖాతా నుంచి నేరుగా కోసుకునేలా పెట్టాలి.

ఇంకొకటి, పాలసీ నంబరూ కంపెనీ టోల్‌ఫ్రీ నంబరూ ఒక్క ఫోనులోనే ఉండకూడదు. అత్యవసరంగా చేరితే 24 గంటల్లో కంపెనీకి కబురు చెప్పాలని చాలా పాలసీల్లో ఉంటుంది. స్పృహలేని మనిషి ఫోను లాక్ ఎవరు తీస్తారు? గదిలో ఉండే స్నేహితుడికి ఒకటి, ఊళ్లో తమ్ముడికి ఒకటి వాట్సప్‌లో పంపి, రైస్ కార్డు పెట్టే ప్లాస్టిక్ కవరులో కాగితం మీద రాసింది మరొకటి ఉంచితే సరిపోతుంది.